కెమెరాలు బిగించినతను రౌటర్‌లో పోర్టు తెరిచి వెళ్లాడు, ఇప్పుడేం చేయాలి?

మియాపూర్_మేడ:
నాలుగు కెమెరాలు, ఒక ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె, కెమెరా కేబుళ్లు దాని వెనక పోర్టుల్లోకే), గీజర్‌కి 10 ఆంప్స్ వైఫై ప్లగ్గు, టీవీ. అన్నీ ఒకే రౌటర్ మీద. ఫోన్‌లో కనబడాలని బిగించినతను రౌటర్‌లో 8000 పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి దారి) తెరిచాడు. పాస్‌వర్డ్ మా ఫోన్ నంబరే. ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో చూసుకోవడం మాత్రం కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్యాచ్‌కార్డ్:
ముందు ఎన్‌వీఆర్ నుంచి రౌటర్‌కి వెళ్లే కేబుల్ పీకేయండి. తర్వాత రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్‌లోని 8000 ఎంట్రీ తీసేసి, యూపీఎన్‌పీ (పరికరాలు అడిగితే పోర్టులు తెరిచే సదుపాయం) కూడా ఆపండి. దాన్ని వదిలేస్తే ఎన్‌వీఆర్ తనే అడిగి పోర్టు మళ్లీ తెరిపించుకోగలదు.

ఎన్‌వీఆర్‌ని రీబూట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, కంపెనీ సైటు నుంచి తెచ్చిన ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాకే కేబుల్ పెట్టండి. ఈ వరుస తప్పకూడదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 60కి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. అది మెమరీలోనే ఉండేది, రీబూట్ చేస్తే పోయేది. కానీ పాత పాస్‌వర్డ్‌తోనే నెట్‌కి తగిలిస్తే నిమిషాల్లో మళ్లీ ఎక్కేది.

ఫోన్‌లో చూడ్డానికి పోర్టుతో పనిలేదు. యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, ఎన్‌వీఆరే కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది. ఆ సర్వర్‌ని నమ్మాల్సిందే, అదొక్కటే ఇబ్బంది.

కోఠి_కేబుల్:
ఒకటి మర్చిపోయారు. బిగించేవాళ్లు చాలామంది ఎన్‌వీఆర్‌ని తమ ఫోన్లోని అకౌంట్‌కే కలిపి, మీకు షేర్ చేసి పోతారు. అప్పుడు మీరు ఏ పాస్‌వర్డ్ మార్చినా ఓనర్ అతనే. యాప్‌లో పరికరం పక్కన 'షేర్డ్' అని ఉంటే అదే సంగతి. అతని చేతే డిలీట్ చేయించి, మీ పేరు మీద కలుపుకోండి. ఎన్‌వీఆర్ యూజర్ల జాబితాలో అడ్మిన్ కాక ఇంకెవరున్నా తీసేయండి.

కెమెరాలు ఎన్‌వీఆర్ వెనక పోర్టుల్లోనే ఉన్నాయి కాబట్టి ఇంటి వైఫైకి నేరుగా తగలవు, వాటికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. ప్లగ్గు, టీవీ గెస్ట్ వైఫైలోకి మార్చండి. ఇలాంటి ప్లగ్గులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌కే పనిచేస్తాయి, గెస్ట్‌లో అది ఆన్‌లో ఉండాలి.

ఫేజ్_న్యూట్రల్:
హ్యాకింగ్ సరే, ఆ 10 ఆంప్స్ ప్లగ్గు గీజర్‌కి ఎవరు పెట్టమన్నారండీ? 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంప్స్ లాగుతుంది, 3 కిలోవాట్లదైతే 13. గంటసేపు వదిలేస్తే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరగొచ్చు. 16 ఆంప్స్‌ది తీసుకుని, 20 నిమిషాలకు ఆగిపోయేలా టైమర్ పెట్టండి.

మియాపూర్_మేడ:
రౌటర్‌లో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది. అంటే?

ప్యాచ్‌కార్డ్:
100.64 నుంచి 100.127 లోపు కాబట్టి మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే నెట్ కంపెనీ దగ్గర ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటాయి, అందుకే ఆ 8000 పోర్టు బయటినుంచి ఎలాగూ పనిచేయదు. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసులు) ఉంటే మాత్రం ఆ దారి వేరు, రౌటర్‌లో దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందేమో చూడండి.