ఆర్‌వీ (లోపల ఇల్లులా ఉండే బండి) ఫ్రిజ్ ఇన్వర్టర్ మీద దారిలో ఆగిపోతోంది, ఎవరైనా చెప్పండి

కొత్త_బండి: రాత్రి పదకొండు నుంచి దీంతోనే కుస్తీ. ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద పెట్టి బయల్దేరితే రెండు గంటలు తిరక్కుండానే ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోతోంది. వెయ్యి వాట్లది, కొత్తది. వైర్లన్నీ రెండుసార్లు బిగించాను. ఇంట్లో ప్లగ్గుకి పెడితే శుభ్రంగా నడుస్తుంది. మొన్న ట్రయల్‌కి వెళ్తే దోసెల పిండి పొంగి, మూత లేచిపోయి, కింద అరలో పాల క్యాన్ మీదంతా కారింది. శుక్రవారం న్యూజెర్సీ ఎడిసన్ నుంచి నార్త్ కరోలినా తీరంలోని ఔటర్ బ్యాంక్స్ వెళ్లాలి. అమ్మ ఇన్సులిన్ కూడా అందులోనే. ఇన్వర్టర్ మార్చాలా?

వైరింగ్_పని: ఫ్రిజ్ మోడల్? బ్యాటరీ ఎంత? బండి కారుకి తగిలించి లాగే ట్రైలరా, మోటార్‌హోమా?

కొత్త_బండి: మామూలు ఫ్రిజ్జేనండీ, బండితో వచ్చిందే. బ్యాటరీ ఒకటుంది, 100 ఏహెచ్ (యాంపియర్ అవర్లు), లెడ్ యాసిడ్.

95_దారి: ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు రూటు చూసుకోండి. బాల్టిమోర్‌లో హార్బర్, ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగాల్లోకి ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లున్న ఆర్‌వీలను రానివ్వరు, వాల్వు కట్టేసినా సరే. ఇదివరకు కీ బ్రిడ్జి మీదుగా పోయేవాళ్లం. 2024 మార్చిలో ఓడ గుద్ది అది కూలిపోయింది. ఇప్పుడు ఊరి చుట్టూ తిరిగే 695 హైవే మీద పడమటి వైపు చుట్టి పోవాల్సిందే. మీది గ్యాస్ మీద కూడా నడిచే ఫ్రిజ్ అయితే, అందులో మంట వెలుగుతుండగా పెట్రోలు బంకులోకి మాత్రం పోకండి.

కొత్త_బండి: గ్యాస్ సంగతి కాదండీ నేనడిగింది. ఇన్వర్టర్ బ్యాటరీని సరిగ్గా ఛార్జ్ చేయట్లేదేమో అని నా అనుమానం.

వైరింగ్_పని: ఇన్వర్టర్ ఛార్జ్ చేయదు.

కొత్త_బండి: విజయవాడలో మా ఇంట్లో ఇన్వర్టరే కదా చేసేది?

కృష్ణలంక: అక్కడ మనం ఇన్వర్టర్ అనేది ఛార్జరు కూడా కలిసిన పెట్టె. మీరు విడిగా కొన్నది 12 వోల్టుల డీసీని 120 వోల్టుల ఏసీగా మారుస్తుంది, అంతే. ప్లగ్గు పెట్టినప్పుడు బ్యాటరీని నింపేది బండిలో ఉండే కన్వర్టర్ అనే వేరే పెట్టె.

95_దారి: ఇన్వర్టర్ ఫ్రిజ్ కొనుక్కుంటే సరిపోతుంది కదా, కరెంటు తక్కువ తింటుంది.

కృష్ణలంక: అది కంప్రెసర్ వేగాన్ని మార్చే ఇన్వర్టర్. దయచేసి రెండూ కలపకండి.

95_దారి: పేరు ఒకటే పెడితే జనం కలపక ఏం చేస్తారు?

కృష్ణలంక: సరే, అసలు విషయం. బండి బయటివైపు ఫ్రిజ్ వెనక చిన్న తలుపుంటుంది, తీసి చూడండి. కంప్రెసర్ లేకుండా వంకర గొట్టాలు, బర్నర్ కనిపిస్తే అది అమ్మోనియాతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్. దానికి చల్లదనం వేడి నుంచే వస్తుంది. అంటే మీ బ్యాటరీ నడుపుతున్నది హీటర్‌ని. 300 వాట్లు దాటితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 30 యాంపులు. లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, అంటే 50 ఏహెచ్. గంటన్నర దాటితే అరవక ఏం చేస్తుంది? ఇన్వర్టర్ మార్చి డబ్బు తగలేయకండి. ముందురోజే ప్లగ్గు మీద బాగా చల్లార్చి, దారిలో ఫ్రిజ్ ఆపేసి, తలుపు తీయకుండా వెళ్లండి. నాలుగైదు గంటలు చల్లగానే ఉంటుంది. ఇన్సులిన్ మాత్రం విడిగా చిన్న కూలర్‌లో పెట్టండి, ఐసుకి తగలకుండా. గడ్డకడితే ఇక పనికిరాదు.

కొత్త_బండి: తీసి చూశా. గొట్టాలే. స్టిక్కర్ మీద 325 వాట్లు. ఇన్సులిన్‌కి కూలర్ తెస్తున్నా. థాంక్సండీ.

95_దారి: 695 మరిచిపోకండి.

వైరింగ్_పని: ట్రైలరా, మోటార్‌హోమా? అది చెప్తే ఇంజన్ నుంచి ఛార్జింగ్ వైరు సంగతి చెప్తాను.