ఆరు నెలల వ్యవధిలో జావా చదవాలా, ఫ్లట్టర్ నేర్చుకోవాలా?

కందుకూరు_విద్యార్థి:
ఈ ఏడాది బీటెక్ పూర్తయింది, క్యాంపస్ ఎంపికల్లో ఉద్యోగం రాలేదు. మాది పొగాకు రైతు కుటుంబం. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పని మొదలయ్యేలోగా, అంటే సుమారు ఆరు నెలల్లోగా, ఏదో ఒక దారి చూసుకోమని నాన్నగారు అన్నారు. కాలేజీలో సీ, కొంత జావా చదివాను. ఆ జావా భాషనే లోతుగా చదవాలా, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్ నేర్చుకోవాలా?

ఒంగోలు_జావా:
జావా చదవండి, దానితో పాటు డేటాబేస్‌లోని వివరాలను అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్ కూడా చదవండి. జావా 1995లో వచ్చింది. ఎస్‌క్యూఎల్‌కు మూలమైన రిలేషనల్ పద్ధతిని, అంటే వివరాలను పట్టికలుగా దాచే పద్ధతిని, కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ 1970లోనే ప్రతిపాదించారు. చాలా బ్యాంకులు నేటికీ వీటిని వాడుతున్నాయి. నేను 2014లో రాత్రుళ్లు మేలుకొని, వెబ్ పేజీలు తయారుచేసే యాంగ్యులర్‌జేఎస్ నేర్చుకున్నాను. 2016లో వచ్చిన రెండో యాంగ్యులర్‌ను మొదటి నుంచీ తిరగరాశారు. పాతదానికి 2021 డిసెంబరుతో తయారీదారుల మద్దతు ముగిసింది. నేను పనిచేసిన సంస్థ కొత్తది తెలిసినవారిని తెచ్చుకుని నన్ను ఆ పని నుంచి తప్పించింది.

పెన్నా_తీరం:
రెండోది వచ్చిన తరువాత కూడా ఐదేళ్ల పాటు పాతదానికి మద్దతు ఉందని మీరు రాసిన సంవత్సరాలే చెబుతున్నాయి. నేను నెల్లూరు జిల్లాలో వెనామీ రొయ్యల రైతులకు ఫ్లట్టర్‌తో యాప్ చేసి ఇస్తున్నాను. మేత ఎంత వేశారు, నీటిలో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం ఎంత ఉన్నాయి అన్నది చెరువు గట్టు మీదే నమోదు చేయాలి. అక్కడ సిగ్నల్ అందదు కనుక వివరాలన్నీ ముందు ఫోన్‌లోనే ఉండే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వరుకు పంపిస్తాను. ఒకే కోడ్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది కాబట్టే ఈ పని నేనొక్కడినే చేయగలుగుతున్నాను.

మార్కాపురం_పలక:
పైథాన్ భాష పేరు ఎవరూ ఎత్తలేదేమి?

ఒంగోలు_జావా:
ఎస్‌క్యూలైట్‌ను నడిపేది ఎస్‌క్యూఎల్ భాషే కదా, అంటే నేను చెప్పినదే మీరూ వాడుతున్నారు. ఇక ఐదేళ్ల మాట. ఉదయం నుంచి రాత్రి వరకు పాత కోడ్‌లోని తప్పులు సరిదిద్దుతూ కూర్చున్నవాడికి ఆ ఐదేళ్లలో కొత్తది నేర్చుకునే తీరిక ఎవరిచ్చారు?

కావలి_పాఠకురాలు:
పైథాన్ 3 2008లో వచ్చింది, పైథాన్ 2కు 2020 జనవరి 1 వరకు మద్దతు ఉంది. ఒక సాంకేతికత మారుతుందా లేదా అన్నది కాక, మారినప్పుడు ఎంత గడువు ఇస్తారన్నది చూడటం మంచిదని నా అభిప్రాయం.

పెన్నా_తీరం:
ఆ గడువే నేనూ చెబుతున్నాను. జావా గారూ, మీకు జరిగిన అన్యాయం యాంగ్యులర్ వల్ల జరగలేదు, మీ సంస్థ వల్ల జరిగింది. దానికి ఈ అబ్బాయిని భయపెట్టడం న్యాయం కాదు.

ఒంగోలు_జావా:
భయపెట్టడం లేదు. చెరువులకు తెల్లమచ్చల వ్యాధి వచ్చిన ఏడాది మీ యాప్‌కు డబ్బు ఎంతమంది ఇచ్చారో కూడా రాయండి.

పెన్నా_తీరం:
ముగ్గురు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. చెన్నైలో ఏడేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాడిని, రెండు వైపులా చూశాను. మీరు మొదటి నుంచీ ఈ అబ్బాయికి చెబుతున్నది జావా గురించి కాదు, ఊరు విడిచి వెళ్లమని చెబుతున్నారు.

ఒంగోలు_జావా:
అవును, అదే చెబుతున్నాను. నేను హైదరాబాదు వెళ్లకపోతే మా చెల్లెలి చదువు ఇంటర్‌తో ఆగిపోయేది. ధర పడినప్పుడల్లా కుంగిపోయే ఊళ్లో, ఆ ఊరి పంటనే నమ్ముకున్న పనిలో ఇరవై రెండేళ్ల వాడిని దిగమనడం నా వల్ల కాదు.

పెన్నా_తీరం:
అందరూ వెళ్లిపోతే గట్టు మీద ఆ రైతుకు యాప్ చేసి ఇచ్చేది ఎవరు? ఆ ప్రశ్నకు మీ జావాలో జవాబు లేదు.

కావలి_పాఠకురాలు:
వెళ్లగలరా లేదా అని ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కందుకూరు_విద్యార్థి:
మొదటే రాయవలసింది, క్షమించండి. ఇంటికి నేనొక్కడినే కొడుకును. నాన్నగారికి మోకాళ్లు నొప్పులు, బ్యారన్ మంట దగ్గర రాత్రిపూట కాపలా ఈసారి నేనే ఉండాలేమో. వెళ్లడమో ఉండటమో ఇంకా తేల్చుకోలేదు. మీ ఇద్దరి మాటల్లోనూ ఎస్‌క్యూఎల్ ఉంది కాబట్టి రేపటి నుంచి దాన్ని మొదలుపెడతాను.

పెన్నా_తీరం:
ఒక ఆదివారం చెరువు దగ్గరకు రండి, ఆ పట్టికలు చూపిస్తాను.

ఒంగోలు_జావా:
ఎస్‌క్యూఎల్‌లో పట్టికలను కలిపే జాయిన్‌ల దగ్గర తొందరపడవద్దు. అక్కడ సందేహం వస్తే నన్ను అడగండి.