అల్లాయ్ వీల్స్ పాలిష్ చేసి వదిలేయాలా, క్లియర్ కోట్ వేయాలా?

పాత బైక్ అల్యూమినియం వీల్స్ బాగు చేద్దామని మొదలుపెట్టాను. రిమ్ అంచుల దగ్గర క్లియర్ కోట్ (పైన వేసే పారదర్శకమైన రక్షణ పూత) పొరలుగా లేచిపోయి, దాని కింద తెల్లటి పొడిలా ఆక్సైడ్ పాకింది, అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి. టైర్లు, బేరింగులు, డిస్కులు విప్పేసి షాంపూ నీళ్లతో కడిగాను, బ్రేక్ దుమ్మూ చైన్ జిడ్డూ చాలావరకు పోయాయి. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, దయచేసి ఆ సలహా మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు అసలు డౌట్. మిగిలిన కోటింగ్‌ని పెయింట్ రిమూవర్‌తో తీసేసి, 400 నుంచి 2000 గ్రిట్ (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) దాకా వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే శాండ్‌పేపర్) కొట్టి పాలిష్ పెడితే మెరుపు వస్తుంది, కానీ పైన ఏమీ వేయకపోతే కొన్నాళ్లకే మసకబారుతుంది కదా, అలాగని అద్దంలా నునుపు చేశాక దాని మీద క్లియర్ కోట్ సరిగ్గా పట్టదంటారు. మరి 600 దగ్గర ఆపేసి క్లియర్ వేయడం మేలా? లేక పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి, వేడితో కరిగించి పట్టించే పూత) ఇచ్చేయమంటారా? దాన్ని ఓవెన్‌లో దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు, ఆ వేడికి చక్రం బలం తగ్గుతుందేమోనని నా టెన్షన్.

సొంతంగా చేసినవాళ్లు చెప్పండి. ముఖ్యంగా స్పోకుల మూలల్లో పేపర్ ఎలా కొట్టారు? అక్కడ నా వేలే దూరట్లేదు.