బెలుం గుహలకు చీరతోనే వెళ్లవచ్చా?

మాది కడప. దసరా సెలవుల్లో అత్తగారినీ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని గండికోట, అటునుంచి బెలుం గుహలు చూసి రావాలనుకుంటున్నాము. పెళ్లయిన 14 ఏళ్లుగా ఇంట్లోనైనా బయటనైనా నేను కట్టేది నేత చీరే. గంజి పెట్టి ఆరేసిన చీర మడత విప్పేటప్పుడు కలిగే తృప్తి నాకు మరే దుస్తుల్లోనూ దొరకలేదు. (ధర్మవరం పట్టు మాత్రం పెళ్లిళ్లకు తప్ప బీరువా దాటదు.) అయితే గుహల్లో సందర్శకులు నడిచే దారే సుమారు 1.5 కిలోమీటర్లనీ, లోపల ఉక్కపోత ఎక్కువనీ చెప్పి, చుడీదార్ వేసుకోమని మా అమ్మాయి పట్టుబడుతోంది. అత్తగారు వద్దనలేదు గాని, ఆవిడ మౌనానికి అర్థం నాకు తెలుసు. చీరతో ఆ మెట్లూ ఇరుకు దారులూ దాటినవారెవరైనా ఉంటే, ఎలాంటి చీర, ఎలాంటి చెప్పులు అనుకూలించాయో, 68 ఏళ్ల పెద్దావిడ ఎంతవరకు నడవగలరో దయచేసి తెలియజేయగలరా?