8×42 తీసుకోనా, 10×50 తీసుకోనా?

గుంటూరు_డాబా: ఒక్క బైనాక్యులరే కొనగలను. పగలు ఉప్పలపాడులో గూడబాతులు, రాత్రి డాబా మీద చుక్కలు చూడాలి. స్టాండ్ లేదు, చేత్తోనే. ఏది మంచిది?

మృగశిర: 10×50. మొదటి అంకె ఎన్నింతలు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. చుక్కలకి కావాల్సింది వెలుతురు. 50 మిల్లీమీటర్ల అద్దం 42 కంటే దాదాపు 40 శాతం ఎక్కువ వెలుతురు పోగేస్తుంది.

కొల్లేటి_కొంగ: చెయ్యి వణికితే పోగేసి ఏం లాభం? వణుకు కూడా పదింతలు కనిపిస్తుంది. నాకు ఒక షాపువాడు 20×80 అంటగట్టాడు. రెండు కిలోల బరువు. గురుగ్రహం వైపు ఎత్తితే మిణుగురులా గిలగిలా కొట్టుకుంది.

మృగశిర: 20×80 సంగతి ఎవరడిగారండీ?

వేగుచుక్క: ఏదైనా సరే, బ్యాక్-4 ప్రిజమ్ (లోపల వెలుగుని మళ్లించే మేలురకం గాజు) ఉందో లేదో చూసుకోండి.

కొల్లేటి_కొంగ: 50ని 10తో భాగిస్తే 5. 42ని 8తో భాగిస్తే 5.25. కంట్లోకి వచ్చే వెలుగు కట్ట 8×42దే లావు.

మృగశిర: పావు మిల్లీమీటరు పట్టుకుని వేలాడతారేంటి! నాకు 58 ఏళ్లు. ఈ వయసులో చాలామందికి కంటిపాప చీకట్లో కూడా 5 దాటి తెరుచుకోదు. మీ పావు నాకు దండగ.

కొల్లేటి_కొంగ: అంటే మీ కంటి కొలతతో ఆయనకి సలహా ఇస్తున్నారా?

మృగశిర: మాటలు జాగ్రత్త. మా వీధిలో పెద్ద లైట్లు పెట్టాక ఆకాశం బూడిదరంగైంది. పాత 8×42లో ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చ దొరకడం మానేసింది. 10×50లో వెనకాల ఆకాశం కాస్త నల్లబడి మళ్లీ దొరికింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది.

కొల్లేటి_కొంగ: మా పాపకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ 20×80 ఎత్తలేక "ఏం కనపళ్లేదు నాన్నా" అని దిగిపోయింది. తర్వాత 8×42 కొన్నాను, కృత్తికలు చూపిస్తానన్నాను. రాలేదు. మీరు చెప్పేది ఎంత కనిపిస్తుందని. నేనడిగేది ఇంట్లో ఎంతమంది చూడగలరని.

మృగశిర: ఇది మొదటే చెప్పాల్సింది. అయినా నా మాట 10×50కే. పిట్టగోడకి మోచేతులు ఆనించినా, చాప మీద వెల్లకిలా పడుకున్నా వణుకు బాగా తగ్గుతుంది. పాపని ఒకసారి అలా చూడమనండి.

గుంటూరు_డాబా: మా నాన్నగారు కళ్లజోడు తియ్యకుండా చూడొచ్చా?

వేగుచుక్క: కంటికీ అద్దానికీ దూరం 15 మిల్లీమీటర్లు దాటి ఇచ్చేది అడగండి, రబ్బరు కప్పులు కిందికి దించాలి. షాపు బయటికొచ్చి దూరంగా ఉన్న బోర్డు చూడండి. అక్షరాలు రెండేసిగా కనిపిస్తే అక్కడే తిరిగిచ్చేయండి.