‘క్షణభంగురం’ అంటే కొద్దికాలం ఉండేదనేనా?

ప్రశ్న (గుంటూరు సభ్యుడు): బ్రాడీపేటలో ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ‘జీవితం క్షణభంగురం’ అని వేయించారు. పోయినాయన వయసు 91. మా అమ్మాయి చూసి, ‘అన్నేళ్లు బతికితే క్షణం ఎట్లా అవుద్ది నాన్నా?’ అంది. నేను నీళ్లు నమిలాను. మేష్టారూ, మీరే చెప్పాలి.

విజయవాడ మేష్టారు: అమ్మాయి సరైన చోటే పట్టుకుందండీ. ‘ఎప్పుడు పోతామో తెలియదు’ అనే అర్థంలో మనం వాడేస్తున్నాం, వాడుకలో అది తప్పని అనను. బౌద్ధుల క్షణికవాదంలో మాత్రం ఆయుష్షు చిన్నదని కాదు. ఉన్న ప్రతిదీ క్షణక్షణానికీ నశిస్తుంది, ఆ వెంటనే అలాంటిదే ఇంకొకటి పుడుతుంది. ఆ లెక్కన 91 ఏళ్ల పెద్దాయనా, నిన్న పుట్టిన పసిగుడ్డూ ఒకటే. మన ఇంద్రకీలాద్రి కూడా అంతే.

ఇక క్షణం ఎంత? అమరకోశంలో 12 క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి క్షణం 4 నిమిషాలు. టీ తాగి రావచ్చు! బౌద్ధ పండితుడు వసుబంధుడి అభిధర్మకోశంలో 120 క్షణాలు ఒక తత్‌క్షణం, 60 తత్‌క్షణాలు ఒక లవం, 30 లవాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక రోజు. గుణించి చూస్తే క్షణం సెకనులో 75వ వంతు.

అసలు పట్టు కొలతలో లేదు, వాదంలో ఉంది. ధర్మకీర్తి, ఆ తర్వాత రత్నకీర్తి లాంటి బౌద్ధ తార్కికులు ‘ఉండటమంటే ఏదో ఒక పని చేయగలగడం’ అన్నారు. వాళ్ల ఉదాహరణ గాదెలో విత్తనం. దానికి మొలకెత్తించే శక్తి ఉంటే గాదెలోనే ఎందుకు మొలవదు? లేదంటారా, పొలంలోకి వెళ్లగానే ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కాబట్టి గాదెలోదీ పొలంలోదీ ఒకే విత్తనం కాదంటారు.

తెనాలి రైతు: ఇది నాకు మింగుడుపడలేదు మేష్టారూ. తడి లేక మొలవలేదు, తడి తగిలి మొలిచింది. మధ్యలో విత్తనమే మారిందనడం దేనికి?

మేష్టారు: మీకు తెలియకుండానే నైయాయికుల, అంటే న్యాయదర్శనం వాళ్ల పక్షాన చేరారు! తడి, మట్టి సహకారి కారణాలు, అంటే పక్కనుండి తోడ్పడేవి, విత్తనం అదే అంటారు వాళ్లు. వాళ్లలో ఒకరైన ఉదయనుడి ఆత్మతత్త్వవివేకంలో ఈ గొడవ మీద పెద్ద చర్చే ఉంది. బౌద్ధులు ఊరుకోరు. ‘ఆ తడి విత్తనానికి ఏమైనా చేసిందా, చేయలేదా? చేయకపోతే తడి అవసరమేంటి? చేస్తే అది పాత విత్తనం ఎలా అవుతుంది?’ అని ఎదురడుగుతారు.

రైతు: వడ్లు నానబెట్టి గోతంలో మండె కడతాం. విప్పేసరికి ముక్కు పగిలి తెల్లగా మొలక కనిపిస్తుంది. ఎందాకా వడ్లు, ఎక్కడి నుంచి మొలక అంటే గీత గీసి చూపించలేను, నిజమే. కానీ విత్తనాలు కొన్నవాడు వేరు, ఇవాళ్టి నేను వేరు అంటే షాపువాడు అప్పు వదిలేస్తాడా?

మేష్టారు: భలే పట్టుకున్నారు. బౌద్ధుల మీద పాత అభ్యంతరమే ఇది: చేసినవాడొకడు, ఫలం అనుభవించేవాడు ఇంకొకడు అవుతాడు కదా అని. శంకరాచార్యులైతే బ్రహ్మసూత్ర భాష్యంలో ‘అనుస్మృతేశ్చ’ అనే సూత్రం దగ్గర జ్ఞాపకాన్ని ముందుపెట్టారు. నిన్న చూసినవాడే ఉండకపోతే ఇవాళ గుర్తుచేసుకునేది ఎవరు?

మిళిందరాజు ప్రశ్నలకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన జవాబుల గ్రంథం మిళిందపన్హలో మామిడికాయల దొంగ కథ ఉంది. ‘తోటవాడు నాటింది వేరే కాయ, నేను కోసింది వేరే కాయ’ అని దొంగ వాదిస్తాడు. అయినా శిక్ష తప్పదంటాడు నాగసేనుడు. ఈ కాయ ఆ కాయను ఆధారం చేసుకునే పుట్టింది మరి. మీ అప్పూ అంతే, వరుస తెగలేదు కాబట్టి కట్టాల్సిందే. నాకైతే దొంగ విషయంలో ఈ జవాబు సరిపోయింది గానీ, జ్ఞాపకం విషయంలో శంకరుల ప్రశ్నే బలంగా అనిపిస్తుంది.

గుంటూరు సభ్యుడు: క్షణికవాదం మన నాగార్జునుడిదే కదండీ?

మేష్టారు: కాదండీ. ఆయన కాలాన్నే నిలబడనివ్వలేదు. ఆయన గ్రంథం మూలమధ్యమకకారికలో 19వ ప్రకరణం కాలపరీక్ష, ఆరే శ్లోకాలు. చివరిదాంట్లో ‘భావం ప్రతీత్య కాలశ్చేత్ కాలో భావాదృతే కుతః’ అంటాడు. వస్తువుల్ని బట్టే కాలం ఉందంటే, వస్తువు లేకుండా కాలం ఎక్కడిది? ఆ వస్తువులే తమంతట తాముగా లేవన్నాక కాలం సంగతి చెప్పేదేముంది! దీనికి సరిగ్గా ఎదురు మన తెలుగువాడు అన్నంభట్టు. తర్కసంగ్రహంలో కాలం ఒక్కటే, అంతటా ఉంది, నిత్యం అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

యోగసూత్రాల వ్యాసభాష్యం ఇంకో దారి. క్షణం నిజమేనంటుంది. కానీ రెండు క్షణాలు ఒకేసారి ఉండవు కాబట్టి, ముహూర్తం, పగలూ రాత్రీ అనే పోగులు మన బుద్ధి కట్టుకున్నవేనట.

రైతు: మాఘమాసం పెళ్లిళ్లు అయ్యేదాకా ఈ మాట మా పంతులుగారి చెవిన వేయకండి.