ఎడారి గాలిలో వాయువుల నుంచి కొత్త కణాలు ఎలా పుడతాయి?

ప్రశ్న:
నేను జెడ్డాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఆకాశంలోని మసకకు గాలి లేపే ధూళే కారణమని అందరూ అంటారు. అయితే ధూళితో సంబంధం లేకుండా, కేవలం వాయువుల నుంచే కొన్ని నానోమీటర్ల కణాలు పట్టపగలు పుడతాయని చదివాను. చెట్టూచేమా లేని చోట అందుకు కావలసిన ఆవిరులు ఎక్కడివి? ఉన్నా, వాటిని ధూళి ముందే పట్టేసుకోదా?

జవాబు 1:
ముఖ్యమైన ముడిసరుకు మీ తీరం నుంచే వస్తుంది. విద్యుత్ కేంద్రాలు, చమురు శుద్ధి కర్మాగారాలు, ఓడలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌ను సముద్రపు గాలి ఎడారిలోకి మోసుకెళుతుంది. అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను విడగొట్టినప్పుడు వెలువడే ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్ (OH) అనే, చాలా చురుగ్గా చర్య జరిపే కణాన్ని ఇస్తుంది. అది సల్ఫర్ డయాక్సైడ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చే చర్యకు నాంది పలుకుతుంది. మబ్బులేని ఎండలో ఇది జోరుగా సాగుతుంది. ఆ ఆమ్లపు అణువులు అమోనియా, దాని నుంచి ఏర్పడే అమైన్లు అనే సమ్మేళనాల వంటి క్షారాల ఆసరాతో గుంపుకట్టి, కణాలకు బీజాలవుతాయి. జెడ్డాకు తూర్పున ఉన్న హదా అల్ షామ్‌లో 2013–15 మధ్య జరిపిన కొలతల్లో, కణాల పుట్టుక పరంగా వర్గీకరించిన రోజుల్లో సుమారు 73 శాతం రోజుల్లో ఇలాంటి పుట్టుక కనిపించింది.

ధూళి విషయానికి వస్తే, అది బరువులో ఎక్కువ, సంఖ్యలో తక్కువ. 5 మైక్రోమీటర్ల రేణువు ఒక్కటి ఘనపరిమాణంలో 5 నానోమీటర్ల కణాలు వంద కోట్లకు సమానం. దాని ఉపరితలం మాత్రం అలాంటి పది లక్షల కణాలకే సరిపోతుంది. ఆవిరులను పట్టుకునేది ఉపరితలమే కాబట్టి, బరువుతో పోలిస్తే ధూళి పట్టుకునే ఆవిరి తక్కువే.

జవాబు 2:
పై వివరణ మామూలు రోజులకు వర్తిస్తుంది. ఇసుక తుపాను వేళ రేణువుల సంఖ్యే విపరీతంగా పెరిగి ఆవిరులు వాటి మీదికే చేరిపోవచ్చు. ఇంకో మాట: పుట్టడం కన్నా నిలవడం కష్టం. అతి చిన్న కణం ఉపరితలం బాగా వంపు తిరిగి ఉండటం వల్ల దాని మీది అణువులు తేలికగా ఆవిరైపోతాయి. పైగా అది పెద్ద కణాలను ఢీకొని వాటిలో కలిసిపోతుంది. కనుక త్వరగా పెరిగినదే మిగులుతుంది. మేఘబిందువుకు కేంద్రం కావాలంటే అది సాధారణంగా 50–100 నానోమీటర్లకు చేరాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కొన్ని రోజుల్లో కణాల పరిమాణం పెరిగి, మళ్లీ తగ్గినట్లు హదా అల్ షామ్‌లోనే నమోదైందట. అవి ఆవిరైపోతున్నట్లేనా?

జవాబు 1:
అలాగని తేల్చలేమండీ. పరికరం ఒకే చోట ఉంటుంది, దాని మీదుగా సాగే గాలి మాత్రం గంటగంటకూ మారుతుంది. తర్వాత వచ్చిన గాలిలోని కణాలు ఆలస్యంగా పుట్టి, పెరగడానికి తక్కువ సమయం దొరికినవైతే, ఏ కణమూ కుంచించుకుపోకుండానే కొలతల్లో పరిమాణం తగ్గుతున్నట్లు కనిపిస్తుంది.